నేను చెప్పి రాయించిన కాగితం

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఏడేళ్ళుగా ఒక తప్పును కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, చుట్టాల పెళ్ళిళ్ళకు పట్టుచీర కట్టుకుని వెళ్తున్నాను. పైకి ఏమీ కనపడదు. నేను మంచిదాన్ని కానని నాకు మాత్రం తెలుసు. ఈ మాట వినయం కోసం అనడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

ముందే చెప్పేస్తాను. చివరిదాకా దాచి మిమ్మల్ని ఊరించడం నాకిష్టం లేదు. ఒక పదిహేనేళ్ళ పిల్ల పెట్టెలో నా సెల్‌ఫోను దాచాను. అది దొరికింది. నాదని చెప్పలేదు. ఆ పిల్ల చదువు ఆగిపోయింది. నాలుగు వాక్యాలు. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి పొద్దుటినుంచి మూడు కాగితాలు చింపాను.

అప్పుడు నాకు ఇరవై అయిదేళ్ళు. గుంటూరు దాటాక మిరప చేల మధ్య ఉన్న ఒక రెసిడెన్షియల్ స్కూల్లో లెక్కల టీచర్ని. స్కూలు పేరు రాయను. అక్కడే ఆడపిల్లల హాస్టల్లో పై అంతస్తుకు ఇన్‌చార్జిని కూడా. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే క్లాసు క్లాసంతా దగ్గేది. దగ్గుతూనే లెక్కలు చేసేవాళ్ళు. పదో తరగతి ఫలితాలే ఆ స్కూలుకు ప్రాణం. పిల్లల ధ్యాస చెదరకూడదని ఎన్ని రూళ్ళు పెట్టాలో అన్నీ పెట్టారు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. మా స్కూల్లో పిల్లల దగ్గర ఫోను ఉండకూడదు. ఆదివారం ఆఫీసులో ల్యాండ్‌లైను దగ్గర వరసలో నిలబడి ఇంటికి మాట్లాడుకోవాలి, మనిషికి మూడు నిమిషాలు. హాస్టల్లో ఉండే టీచర్లకూ ఫోను నిషేధమే. అంతకు ముందు ఏడాది ఒక ఇన్‌చార్జి తన ఫోను పిల్లలకు అద్దెకిస్తూ పట్టుబడింది. ఆమెను ఆ పూటే పంపేశారు. అప్పటినుంచి మాకూ ఆ రూలు వచ్చింది.

ఆ రూలు అమలు చేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇదీ ఒప్పుకోవాలి. నాకది ఇష్టమైన పని. సబ్బుపెట్టెలో దాచినది పట్టుకున్నాను. గైడు మధ్య కాగితాలు గుంటగా కోసి అందులో పెట్టినది పట్టుకున్నాను. ఇంటినుంచి వచ్చిన పండుమిరపకాయల పచ్చడి జాడీలో పాలిథిన్ కవరు చుట్టి ముంచిన ఫోనును గరిటె పెట్టి తీసింది నేనే. దొరికిన ప్రతి ఫోనునూ మర్నాడు ప్రేయర్‌లో అందరి ముందూ సుత్తితో పగలగొట్టేవాళ్ళం. ఆ సుత్తి నా గదిలోనే ఉండేది. కొత్తగా చేరిన ఇన్‌చార్జిలకు నేను చెప్పే మొదటి పాఠం ఒకటుంది. పట్టుబడ్డ ప్రతివాళ్ళూ నాది కాదనే అంటారు, నమ్మొద్దు అని.

ఆ కార్తీకంలో నాకు పెళ్ళి కుదిరింది. ఆయనది దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. తాంబూలాలైన వారానికి ఒక చిన్న ఫోను కొని తెచ్చి నా చేతిలో పెట్టారు, రోజూ అయిదు నిమిషాలు మాట్లాడుకుందామని. మా స్కూల్లో ఒప్పుకోరని అన్నాను. అని, తీసుకున్నాను. సాయంత్రం డాబా మీదికెళ్ళి, పిల్లలు ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి మాట్లాడేదాన్ని. అయిదు నిమిషాలు కాస్తా అరగంట అయ్యేది. పిల్లలకు నేను వద్దన్నదే నాకెందుకు ముద్దయింది? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. నేను పెద్దదాన్ని, నాది కుదిరిన సంబంధం, వాళ్ళది పోకిరీతనం అనుకున్నాను. మనకు మనం ఎంత బాగా నచ్చజెప్పుకుంటామో చూడండి.

ఇక ఆ పిల్ల సంగతి. పేరు మార్చి రాస్తున్నాను, సైదమ్మ అనుకోండి. పొదిలి అవతల ఒక పల్లె. దూదేకుల వాళ్ళు. తండ్రి దూది ఏకే మిషను బండి మీద పెట్టుకుని ఊరూరా తిరిగి, గడ్డకట్టిన పాత పరుపులు విప్పి, దూది ఏకి మళ్ళీ కుట్టిచ్చేవాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. లెక్కల్లో నూటికి తొంభై తగ్గేది కాదు. లెక్క సరిగ్గా చేసి కూడా, కరెక్టేనా అండీ అని అడిగేది. గదిలో పద్నాలుగు పెట్టెలుంటే తాళం లేని పెట్టె ఆమెదే. తాళం కొనుక్కోమని ఒకసారి నేనే చెప్పాను. నా పెట్టెలో ఏముందండీ దాచుకోవడానికి అని నవ్వింది.

జనవరి నెల, ఒక ఆదివారం, నాలుగు గంటలప్పుడు. నేను డాబా మీద మాట్లాడుతుండగా తనిఖీ గంట మోగింది. ఆ గంట వేరుగా ఉంటుంది, ఆపకుండా కొడతారు. పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ కింద వరండాలోకి వచ్చి నిలబడాలి. ఇన్‌చార్జిలు కూడా రావాలి, ముందు మాలో మేమే ఒకరినొకరు తడిమి చూసుకోవాలి, ఆ తర్వాతే గదుల్లోకి వెళ్ళాలి. డాబా మెట్లు దిగగానే మొదటి గది పన్నెండో నంబరు. ఖాళీగా ఉంది. ఫోను నా నడుము దగ్గర రుమాల్లో ఉంది. లోపలికి వెళ్ళాను. తాళం లేని పెట్టె మూత ఎత్తాను. అడుగున మడత పెట్టిన బొంత మధ్యలోకి ఫోను తోసి, మూత వేసి, కిందికి దిగాను. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

ఇన్నేళ్ళూ నాకు నేను ఏమని చెప్పుకున్నానో తెలుసా? అది ఎవరి పెట్టెనో చూడలేదని. తొందరలో చేతికందిన దాంట్లో పడేశానని. అబద్ధం. మూత మీద తెల్ల పెయింటుతో పేరు రాసి ఉంది, చదివాను. చదివే పెట్టాను. సైదమ్మ పెట్టెను ఎవరూ అంత శ్రద్ధగా వెతకరని, వెతికినా ఆ గదులు వెతికేది నేనే కాబట్టి ఏమీ కాదని, పిల్లలు భోజనాలకు వెళ్ళినప్పుడు తీసేసుకోవచ్చని, మెట్లు దిగేలోపలే ఇదంతా లెక్క వేసుకున్నాను. లెక్కల టీచర్ని కదా. ఎవరి గదులు వాళ్ళే వెతకడం మా పద్ధతి. ఆ పద్ధతి మీద నాకంత నమ్మకం.

ఆ రోజు పద్ధతి మార్చారు. ఎవరి పిల్లల్ని వాళ్ళే కాపాడుకొస్తున్నారని నెల కిందట మీటింగులో ఒక మేడం అన్నారు, నిజమేననిపించింది, ఇవాళ్టినుంచి ఒకరి గదులు ఇంకొకరు చూడాలి అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ మాటన్న మేడం నేనే. ప్రిన్సిపాల్ గారి దగ్గర మెప్పు కోసం అన్నాను.

పన్నెండో నంబరు గది సుగుణ మేడానికి పడింది. ఆమె పెద్దావిడ, నెమ్మదస్తురాలు, నేను చేరకముందు నుంచీ ఉంది. నన్ను కింది గదుల్లోకి పంపారు. ఎవరి పెట్టెలు తెరిచానో, ఏం చూశానో నాకు గుర్తు లేదు. నా చెవులన్నీ పైనే ఉన్నాయి. కాసేపటికి పైనుంచి సుగుణ మేడం గొంతు వినపడింది, ప్రిన్సిపాల్ గారిని పిలుస్తూ.

నాది కాదండీ అంది సైదమ్మ. అందరూ అనే మాటే అంది. సుగుణ మేడం నా వైపు చూసి, మీరు చెప్పిందేనమ్మా, పట్టుబడ్డ ప్రతివాళ్ళూ ఇదే అంటారు అంది. నేను తలూపాను. ఇది మీకు చెప్పకుండా ఉండగలిగితే బాగుండేది. తలూపాను.

అప్పుడు చెప్పి ఉంటే ఏం పోయేది నాకు? ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న. ఉద్యోగం పోయేది. అంతే. ఇంకో స్కూల్లో దొరికేది, గుంటూరు చుట్టుపక్కల అలాంటి స్కూళ్ళకు కొదవా? పెళ్ళి ఆగేది కాదు, ఫోను ఇచ్చింది పెళ్ళికొడుకే కదా. మహా అయితే నలుగురూ నవ్వేవాళ్ళు, ఇంతమంది పిల్లల ఫోన్లు పగలగొట్టిన మహాతల్లి నడుములోనే ఫోను ఉందట అని. ఆ నవ్వుకే భయపడ్డాను. ఒక పిల్ల బతుకును పెట్టి నేను కొనుక్కున్నది అదీ, నలుగురూ నవ్వకుండా ఉండటం.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారు నన్నే పిలిచి, మీ క్లాసు పిల్లే కదా, ఒప్పుకోలు కాగితం రాయించి తీసుకురండి అన్నారు. ఖాళీ క్లాసురూములో సైదమ్మను కూర్చోబెట్టి తెల్లకాగితం ముందు పెట్టాను. నాది కాదండీ, నేనెందుకు రాయాలండీ అని ఏడ్చింది. తన పెట్టెలోకి అదెలా వచ్చిందో తెలియడం లేదంది. మీరు చెబితే ప్రిన్సిపాల్ సారు నమ్ముతారండీ, మీకు తెలుసు కదండీ నా సంగతి అంది. నన్నే సాక్ష్యం చెప్పమంది చూడండి. ఆ చూపులో అనుమానమన్నది లేదు. ఆ పిల్లకు ఒక్క క్షణం కూడా నా మీదికి ఆలోచన పోలేదు.

నేను మెత్తగా మాట్లాడాను. తిట్టి ఉంటే ఇంత పాపం ఉండేది కాదేమో. ఒప్పుకుంటే చిన్న శిక్షతో వదిలేస్తారు, మొండికేస్తే పరీక్షలు రాయనివ్వరు, నీ మంచికే చెబుతున్నాను అన్నాను. అది నిజమని నేను నమ్మానా? సగం నమ్మాను. మిగతా సగానికి కావలసింది వేరే. కాగితం చేతికొస్తే ఇక ఆ నంబరు ఎవరిది, ఆ ఫోను ఎవరు కొన్నారు అని ఎవరూ తవ్వరు. రాస్తే మా నాన్నకు చెప్పరు కదండీ అని అడిగింది. చెప్పరు అన్నాను.

రాసింది. నేను ఒక్కొక్క వాక్యం చెబుతుంటే రాసింది. ఈ ఫోను నాదే. ఎవరికీ తెలియకుండా నా పెట్టెలో దాచుకున్నాను. ఇకమీదట ఇలాంటి తప్పు చేయను. మొదటి వాక్యంలో 'నా' అని రాసి ఆగి, నా మొహంలోకి చూసింది. రాయమ్మా అన్నాను. మిగతాది తలెత్తకుండా రాసేసింది. కింద సంతకం, తారీఖు. అంత గుండ్రని దస్తూరి మా స్కూల్లో ఇంకెవరికీ లేదు.

మర్నాడు పొద్దున్నే తండ్రి వచ్చాడు. ఆదివారం సాయంత్రమే వాళ్ళ ఊళ్ళో ఎరువుల కొట్టుకు ఫోను చేసి కబురు పెట్టారు. పనిలోంచి లేచి అలాగే వచ్చేసినట్టున్నాడు, కనుబొమల మీద, చెవుల దగ్గర దూది పీచు అంటుకుని ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సైదమ్మ గోడ పక్కన, నేను బల్ల పక్కన. ప్రిన్సిపాల్ గారు కాగితం ఆయన ముందుకు తోశారు. నాకు చదవను రాదండయ్యా అన్నాడు. అయితే మీరు చదివి వినిపించండి మేడం అని ప్రిన్సిపాల్ గారు నా వైపు తిరిగారు. చదివాను. నేను చెప్పి రాయించిన మూడు వాక్యాలనూ తడబడకుండా చదివాను.

ఆయన నమ్మలేదు. పిల్లలు భయపడి రాస్తారు కదండయ్యా అన్నాడు. దాంతో ప్రిన్సిపాల్ గారికి పట్టుదల వచ్చింది. ఆ ఫోను తీసి, ఆఖరున మాట్లాడిన నంబరుకు డయల్ చేశారు. చెవికి దూరంగా పట్టుకున్నారు. గదిలో అందరికీ వినపడింది, మగ గొంతు, నవ్వుతూ. హలో, నిన్న మధ్యలో పెట్టేశావేంటి, రాత్రంతా నిద్ర పట్టలేదు తెలుసా అని. నాకు కాబోయే భర్త గొంతు. ఎవడ్రా నువ్వు అని ప్రిన్సిపాల్ గారు గట్టిగా అరిచేసరికి అవతల కట్ అయిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

సైదమ్మ ఆ ఫోను వంకే చూస్తూ గోడకు ఆనుకుంది. తండ్రి కూతురి వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు ఆడకూతురు. రోజూ చూస్తా ఉంటారు. మీరు చెప్పండి తల్లీ, నా పిల్ల అట్టాంటిదా?"

ఆయన నన్ను అడిగాడు. ప్రిన్సిపాల్ గారిని కాదు, నన్ను. కాదండీ అని ఒక్క మాట అంటే చాలు. ఫోను నాదని కూడా చెప్పక్కర్లేదు. మంచి పిల్లండీ, ఏదో పొరపాటు జరిగింది అంటే ఆయన ఆ మాట పట్టుకుని బతికేవాడు. నాకు భయం వేసింది. నేను వెనకేసుకొస్తే ప్రిన్సిపాల్ గారు ఇంకా లోతుకు వెళ్తారని, మళ్ళీ ఆ నంబరు తిప్పుతారని.

"వయసు అలాంటిదండీ" అన్నాను.

ఆయన తలొంచుకున్నాడు. పైకెళ్ళి పెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. ముందు ఆయన, పది అడుగుల వెనక ఆ పిల్ల, గేటు దాటి మిరప చేల గట్టున బస్సు రోడ్డు వైపు నడిచారు. నేను పై అంతస్తు కిటికీలోంచి చూశాను. కనపడకుండా పోయేదాకా చూశాను. అలా చూస్తే ఏదో పుణ్యం వస్తుందన్నట్టు.

మంగళవారం ప్రేయర్‌లో ఆ ఫోనును పగలగొట్టాలి. సుత్తి నా చేతికిచ్చారు, ఎప్పుడూ ఇచ్చినట్టే. నా ఫోనును నేనే పగలగొట్టాను. నిజం చెప్పాలంటే ఆ దెబ్బ వేస్తున్నప్పుడు హాయిగా అనిపించింది. ఇక ఎవరికీ దొరకదు అనిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. సైదమ్మది కూడా వచ్చింది, ఫీజు అంతకు ముందే కట్టి ఉంది కదా. రెండు జడలు, రిబ్బన్లు, ఫోటోలో కూడా కరెక్టేనా అండీ అన్నట్టు చూస్తోంది. ఎవరూ వచ్చి తీసుకెళ్ళలేదు. ఆఫీసు సొరుగులో పరీక్షలయ్యేదాకా అలాగే ఉంది. పోస్టులో పంపితే వెళ్ళేది. అడ్రసు రిజిస్టర్లో ఉంది, స్టాంపులు నా పర్సులో ఉన్నాయి. నేను పంపలేదు. పంపితే మళ్ళీ వస్తుందేమో, వచ్చి నా మొహంలోకి చూస్తుందేమోనని కాబోలు. వేసవిలో ఎవరో చెప్పారు, తండ్రి ఆ పిల్లకు పెళ్ళి చేసి పంపేశాడని. పదహారు కూడా నిండని పిల్లకి. అదే నెలలో నా పెళ్ళి కూడా జరిగింది.

మా ఆయన మంచివారు. ఆయనకు తెలిసింది సగమే. ఆ వారం నేను ఎస్టీడీ బూత్ నుంచి చేసినప్పుడు, ఫోను దొరికిపోయిందా, నీదని తెలిసిందా అని అడిగారు. తెలియలేదన్నాను. హమ్మయ్య అన్నారు. మరి ఎవరిదనుకున్నారు అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. అప్పటినుంచి అది మా ఇంట్లో నవ్వుల కథ అయిపోయింది. చుట్టాలొస్తే చాలు, మా ఆవిడ పిల్లల ఫోన్లు పగలగొట్టే పెద్ద పోలీసు, ఆవిడ ఫోనే దొరికిపోయింది అని మొదలుపెడతారు. ప్రిన్సిపాల్ గొంతుతో ఎవడ్రా నువ్వు అని అరిచి చూపిస్తారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఎన్నో చోట్ల, ఎంతోమంది ముందు నవ్వాను.

పోయిన నెల నరసరావుపేట వెళ్ళాం. ఆయనకు నడుం నొప్పి, స్పాంజి పరుపు మానేసి దూది పరుపు మీద పడుకోమన్నారు డాక్టరు. బస్టాండుకు దగ్గర్లో ఒక పరుపుల కొట్టుంది. లోపల ఒకతను మిషను మీద దూది ఏకుతున్నాడు. ముందు గదిలో ఒకామె కింద కూర్చుని దబ్బనంతో పరుపు కుడుతోంది. పక్కన దూది కుప్ప మీద నాలుగేళ్ళ పాప నిద్రపోతోంది. ఆమె తలెత్తింది. దబ్బనం పక్కన పెట్టి లేచి నిలబడింది. మేడం, నమస్తే అండీ, నేను సైదమ్మనండీ అంది.

ఆమె స్టూలు తుడిచి వేసింది. లోపలున్నతను తన భర్త అని చెప్పి, మా లెక్కల మేడం అని అతనికి నన్ను చూపించింది. అతను చేతులు జోడించి మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. నాన్న ఎలా ఉన్నారని అడిగాను, ఇంకేం అడగాలో తోచక. పోయినేడు పోయాడండీ, దూది దుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది అంది. ఆ రోజు తర్వాత తనతో ఆయన పెద్దగా మాట్లాడింది లేదని, ఆఖరి రోజుల్లో తనే దగ్గరుండి చూసుకున్నా మొహం అటు తిప్పుకునే పడుకునేవాడని, ఏదో మామూలు సంగతిలా చెప్పింది. తర్వాత నవ్వి, ఆ రోజు నన్ను ఒక్క మాట తిట్టనిది మీరేనండీ, అది మర్చిపోలేదు అంది.

మా ఆయనకు ఇదేమీ అర్థం కాలేదు. ఆయన పలకరింపుగా, మీ మేడం బాగా స్ట్రిక్టా అమ్మా అని అడిగారు. ఆమెకు ముచ్చటేసింది. మేడం అంటే హాస్టలంతా హడలేనండీ, ఫోను ఎక్కడ దాచినా వాసన పట్టేవారు అంది.

ఇంకేం కావాలి ఆయనకు? నేను చెయ్యి పట్టుకుని లాగాను. సరదాకి లాగుతున్నాననుకున్నారు. మొదలుపెట్టారు. తాంబూలాలయ్యాక ఫోను కొనిచ్చిన దగ్గర్నుంచి చెప్పారు. డాబా, దుప్పట్లు. ఒక సోమవారం పొద్దున మోగితే నేననుకుని ఆశగా ఎత్తి హలో అనడం, రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్పడం. ప్రిన్సిపాల్ గొంతు పెట్టి అరిచి చూపించారు. పాప ఉలిక్కిపడి కదిలింది. సైదమ్మ పాప వీపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు అలా జోకొడుతూనే ఉంది.

"ఆ హలో అన్నది మీరాండీ?" అని అడిగింది.

నేనేనమ్మా అని మా ఆయన నవ్వారు.

ఆమె నవ్వలేదు. నా వైపు చూడలేదు. కూర్చుని దబ్బనం చేతిలోకి తీసుకుంది. ఏడేళ్ళుగా ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలియదు. తండ్రి అడిగి ఉంటాడు, భర్త అడిగి ఉంటాడు, అత్తవారింట్లో వాళ్ళు అడిగి ఉంటారు, ఎవడు వాడు అని. ఏమని చెప్పి ఉంటుంది? తెలియదంటే ఎవరు నమ్మి ఉంటారు? ఆ మనిషి ఇప్పుడు ఆమె కొట్లో స్టూలు మీద కూర్చుని కుట్టి సిద్ధంగా ఉన్న పరుపుల్లో ఎంత మందం ఉన్నది కావాలో చెబుతున్నాడు.

ఆయన ఆటో మాట్లాడటానికి రోడ్డు మీదికి వెళ్ళారు. లోపల మిషను ఆగలేదు. నేను నోరు తెరిచాను. సైదమ్మా అన్నాను. ఆమె కుట్టు మీదినుంచి తలెత్తకుండానే అంది, గొంతు పెంచకుండా, అండీ అనడం కూడా మానకుండా.

"మా నాన్న ఉన్నప్పుడు చెప్పాల్సిందండీ."

అంతే అంది. తర్వాత పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. పరుపు ఆమె భర్తే చుట్టి ఆటోలో వేశాడు.

బస్టాండులో పరుపును బస్సు పైకెక్కించి కూర్చున్నాక, ఆ అమ్మాయి నీకు అంత బాగా తెలుసా అని మా ఆయన అడిగారు. పాత స్టూడెంటు అన్నాను. అప్పుడు కూడా అంతే అన్నాను, అంత జరిగాక కూడా. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పత్తి, మిరప, మళ్ళీ పత్తి. ఏడవాలనిపించలేదు. ఏడిస్తే ఆయన ఎందుకని అడుగుతారు.

ఆ పరుపు మా మంచం మీదే ఉంది. ఆయనకు నడుం నొప్పి తగ్గింది. నేనూ దాని మీదే పడుకుంటున్నాను. నిద్ర కూడా పడుతోంది. అదే నాకు భయంగా ఉంది. ఇంత చేసిన మనిషికి నిద్ర పడితే, ఇక ఆ మనిషిలో మిగిలిందేమిటి?

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమిస్తే నాకేం వస్తుంది? క్షమించాల్సినవాళ్ళు ఇద్దరు. ఒకరు లేరు. ఇంకొకరిని అడిగే మొహం నాకు లేదు, అడిగితే పాపం మర్యాద కోసం సరేనండీ అంటుందేమో, అది నేను అస్సలు భరించలేను. ఆ ఊరికి వెళ్ళి నలుగురినీ పిలిచి, ఈ పిల్ల ఏ తప్పూ చేయలేదు, ఆ ఫోను నాది అని చెబితే? చెప్పాలి. కనీసం లోపల దూది ఏకుతున్న అతనికైనా చెప్పాలి. వెళ్తానో లేదో నాకు తెలియదు. నా గురించి నాకు తెలిసినంతలో, వెళ్తానని మాటివ్వలేను.

కానీ ఇంతవరకూ ఎక్కడా అనని మాటలు ఈ కాగితాల మీద అన్నాను. చదువుకుని చూశాను. నా దస్తూరే. ఎక్కడో ఒక చోట నిజం నిజంగా ఉంది అనిపించి, కాస్త ఊపిరి ఆడింది. అంతకు మించి ఏమీ లేదు.

మా ఆయన డ్యూటీ నుంచి రావడానికి ఇంకో గంట ఉంది. ఇవాళ మా ఆడపడుచు వాళ్ళు భోజనానికి వస్తున్నారు. ఆయన ఆ కథ మొదలుపెట్టక మానరు. ఈ కాగితాలు బీరువాలో పెట్టడం లేదు. ఆయన వాచీ, కళ్ళజోడు పెట్టుకునే బల్ల మీద ఉంచుతున్నాను.